యుద్ధానంతర ధర్మరాజు: శాంతిపర్వంలో మనోగాయం, ఊరడింపు, చికిత్స

భారత విమర్శలో శాంతిపర్వానికి గౌరవం ఎక్కువ, పఠనం తక్కువ. రాజధర్మ, ఆపద్ధర్మ, మోక్షధర్మాల నిధిగా దాన్ని ఉదహరించడం పరిపాటి. ఆ నిధికి ద్వారంగా నిలిచిన ధర్మరాజు శోకాన్ని మాత్రం ఎక్కువమంది విమర్శకులు ఒక నెపంగానే చూశారు. భీష్ముడు చెప్పాలంటే అడిగేవాడొకడు ఉండాలి, అడగడానికి ఒక సందర్భం కావాలి, ఆ సందర్భం పేరు ధర్మరాజు దుఃఖం అన్నట్టుగా ఆ భాగాన్ని దాటి ఉపదేశంలోకి వెళ్లిపోవడం అలవాటయింది. ఆ నెపాన్నే ప్రధానవస్తువుగా తీసుకుని, యుద్ధానంతర పర్వాలను మనోగాయం, దాని చికిత్స అనే దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కథాఘట్టాల వివరాలన్నీ సంస్కృత మూలాన్ని అనుసరించినవి. తిక్కన రచనతో పద్యస్థాయి పోలిక వేరే పరిశోధన కోరే పని కాబట్టి అది ఇక్కడ పరిధిలో లేదు.

భారతానికీ మనోవైద్యానికీ ముడిపెట్టడం కొత్త కాదు. ఆ ముడి ఇప్పటివరకు ఎక్కువగా భగవద్గీత దగ్గరే పడింది. అర్జునుడు రోగి, కృష్ణుడు వైద్యుడు, గీత ఒక సంభాషణా చికిత్స అనే పోలిక దేశంలోని మనోవైద్యుల రచనల్లోనూ, ఉపన్యాస వేదికల మీదా స్థిరపడిపోయింది. ఆ పోలికలో ఒక మౌలికమైన లోపం ఉంది. అర్జునుడి విషాదం యుద్ధానికి ముందటిది. అతడు ఇంకా ఎవరినీ చంపలేదు. జరగబోయేదాన్ని ఊహించి వణికాడు. ఒక్క సంభాషణతో సందేహం తీరి విల్లు పట్టాడు. మనోగాయం అనేది జరిగిపోయిన దాని తర్వాత వచ్చేది. జరిగినది వెనక్కి పోదు, మనసు మాత్రం అక్కడికే మళ్లీ మళ్లీ పోతుంది. ఆ స్థితిలో ఉన్నవాడు అర్జునుడు కాడు, ధర్మరాజు. గీతను చికిత్సకు నమూనాగా నిలిపితే, దుఃఖం ఒక తప్పుడు అభిప్రాయమనీ సరైన వాదంతో దాన్ని దిద్దవచ్చనీ ఒప్పుకోవలసి వస్తుంది. భారతం ఆ మాటను ఒప్పుకోదు. అశ్వమేధపర్వంలో అర్జునుడే కృష్ణుడి దగ్గరకు వచ్చి, యుద్ధారంభంలో చెప్పినదంతా తన మనసులోంచి జారిపోయిందని, మళ్లీ చెప్పమని అడుగుతాడు. కృష్ణుడు నొచ్చుకుంటాడు. అనుగీతకు నాంది ఆ మరపే.

మాట పనిచేయని చోటు

స్త్రీపర్వం మొదట్లో ధృతరాష్ట్రుణ్ణి ఓదార్చే పని విదురుడిది. అతడు చెప్పేదంతా సత్యమే. పుట్టినవారు చావక తప్పదు, శోకం వల్ల పోయినవారు రారు, కాలం ఎవరినీ విడవదు. సంసారాన్ని ఒక అడవిగా, అందులో పాడుబడ్డ నూతిలో తీగలు పట్టుకుని తలకిందులుగా వేలాడే మనిషిగా, ఆ స్థితిలోనూ పైనుంచి కారే తేనెచుక్కలకు నాలుక చాచే ఆశగా విదురుడు వర్ణించిన ఘట్టం లోకప్రసిద్ధం. దాన్ని విడిగా ఉటంకించేవారు సాధారణంగా దాని తర్వాత ఏం జరిగిందో చెప్పరు. విదురుడి మాటలన్నీ విన్న ధృతరాష్ట్రుడు పుత్రశోకంతో మూర్ఛపోయి నేల మీద పడతాడు. చుట్టూ ఉన్నవారు చల్లని నీళ్లు చల్లి, ఒళ్లు నిమిరి, విసనకర్రలతో విసిరి తెప్పరిల్లజేస్తారు. వేదాంతం చేయలేని పనిని ఆ క్షణంలో నీళ్లూ చేతులూ చేశాయి. కవి దాని గురించి వ్యాఖ్యానం ఏమీ చేయడు. ఘట్టాలను ఆ వరసలో పెట్టడమే అతని వ్యాఖ్యానం.

మనోగాయ చికిత్స గురించి గత అర్ధశతాబ్దిలో ఏర్పడిన అవగాహనకు ఈ వరస దగ్గరగా ఉంది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల అనుభవాలు, అత్యాచార బాధితుల అనుభవాలు కలిసి వైద్యలోకాన్ని కదిలించగా 1980లో అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథం మూడవ కూర్పులో ఆఘాతానంతర మానసిక రుగ్మతకు తొలిసారి స్థానం దక్కింది. 1992లో జూడిత్ హెర్మన్ తన గ్రంథంలో కోలుకునే ప్రక్రియను మూడు దశలుగా వివరించింది. మొదట భద్రత, తర్వాత జ్ఞాపకం చేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మనుషులతో, లోకంతో తిరిగి సంబంధం కలుపుకోవడం. ఈ దశలు మెట్లలా ఒకదాని తర్వాత ఒకటి తప్పకుండా వస్తాయని ఆమె చెప్పలేదు. వెనక్కి జారడం ఉంటుందని చెప్పింది. ముందుగా శరీరానికీ పరిసరానికీ భద్రత కలగకుండా గాయాన్ని కెలకడం మేలు చేయదన్నది ఆమె వాదంలోని బలమైన అంశం. ఘటన జరిగిన వెంటనే బాధితుడి చేత ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా వాడుకలో ఉండేది. అది రుగ్మతను నివారించలేదని తర్వాతి పరిశీలనల్లో తేలడంతో దాన్ని సిఫార్సు చేయడం మానుకున్నారు. చెప్పించడం వల్ల మేలు కలగాలంటే చెప్పగలిగే వేళ రావాలి.

ధృతరాష్ట్రుడి కోపానికి దొరికిన దారి కూడా ఇక్కడే గుర్తించదగినది. భీముణ్ణి కౌగిలించుకుంటానని అతడు చేతులు చాచినప్పుడు కృష్ణుడు ముందే గ్రహించి ఇనుప ప్రతిమను ముందుకు తోస్తాడు. ధృతరాష్ట్రుడు దాన్ని నుగ్గుచేసి, నెత్తురు కక్కి పడిపోతాడు. కోపం దిగిన మరుక్షణం భీముడు చనిపోయాడనుకుని ఏడుస్తాడు. చంపాలన్న కోరిక, చంపానన్న పశ్చాత్తాపం రెండూ ఒకే కౌగిట్లో అనుభవించి, ఎవరినీ చంపకుండా బయటపడ్డాడు. దీన్ని కోపాన్ని వెళ్లగక్కే చికిత్స అనడం తొందరపాటు. కోపం అక్కడితో తీరలేదని ఆశ్రమవాసపర్వం నిరూపిస్తుంది. ఆ ఘట్టం ఇచ్చేది భద్రత మాత్రమే. దుఃఖించేవాడి చేతిలో మరొకరు చనిపోకుండా ఆపడం.

గాంధారిది వేరే దారి. వ్యాసుడిచ్చిన దివ్యదృష్టితో ఆమె రణభూమిని చూస్తుంది. దుర్యోధనుణ్ణి, దుశ్శాసనుణ్ణి, అభిమన్యుణ్ణి, కర్ణుణ్ణి, ద్రోణుణ్ణి ఒక్కొక్కరినీ, వారి శరీరాల మీద పడి ఏడుస్తున్న స్త్రీలనూ పేరుపేరునా కృష్ణుడికి చూపుతుంది. జీవితమంతా కళ్లకు గంతలు కట్టుకున్న స్త్రీ చూడక తప్పని దృశ్యం ఇదే కావడంలోని క్రూరత్వాన్ని విమర్శకులు చాలాసార్లు గుర్తించారు. ఇక్కడ గమనించవలసినది ఆమె మాట నిర్మాణం. అది ప్రశ్న కాదు, తత్త్వవిచారం కాదు. పేరు, గాయం, పక్కనున్న మనిషి. మళ్లీ పేరు, గాయం, పక్కనున్న మనిషి. సాక్ష్యం ఇలాగే ఉంటుంది. వినేవాడు ఒకడు ఉన్నాడు. అతడు ఈ మరణాలను ఆపగలిగీ ఆపనివాడని ఆమె నమ్మకం. చూపడం పూర్తయ్యాక శాపం వచ్చింది. కృష్ణుడు దాన్ని చిరునవ్వుతో స్వీకరించాడు. వాదించి ఉంటే స్త్రీపర్వం మరో ఉపదేశంగా మిగిలేది.

అంతకుముందు ద్రౌపదిని దగ్గరకు తీసుకుని గాంధారి అన్నదాని సారం ఇది: ఇద్దరి కడుపుకోతా ఒకటే, ఇక ఒకరినొకరు ఓదార్చుకునే శక్తి ఎవరికుంది? ఓదార్చేవాళ్లు కూడా గాయపడ్డవాళ్లేనన్న ఈ గుర్తింపు భారతంలోని మగవాళ్ల ఓదార్పుల్లో అరుదు.

ద్రౌపది చెప్పిన వైద్యం

ధర్మరాజు గాయం కర్ణుడి పేరుతో తెరుచుకుంటుంది. తర్పణాల వేళ కుంతి నిజం చెప్పిన తర్వాత ఆ పేరు అతణ్ణి విడవదు. ఒక నెలపాటు ఊరి వెలుపల గంగ ఒడ్డున అశౌచంలో ఉన్నప్పుడు నారదాదులు వస్తారు. గెలిచావు కదా, సంతోషమేనా అని నారదుడు అడుగుతాడు. గెలుపు తనకు ఓటమిగా కనిపిస్తోందన్నది ధర్మరాజు జవాబు. ఆ తర్వాత అతడు ఒక వింత వివరం చెబుతాడు. ద్యూతసభలో కర్ణుడు పరుషంగా మాట్లాడుతున్నప్పుడు తనకు పొంగిన కోపం అతని పాదాలను చూడగానే చల్లారిందట. ఆ పాదాలు కుంతి పాదాల్లా ఉన్నాయట. పోలిక ఎందుకో ఎంత వెతికినా అప్పుడు అర్థం కాలేదట. పెద్ద విషాదాల జ్ఞాపకం ఇలాంటి చిన్న వస్తువు మీదే కట్టుబడి ఉంటుందన్నది మనోవైద్యులందరికీ తెలిసిన సంగతి. తనకు తెలిసి ఉండవలసిందే, పాదాలు చెప్పాయి, తాను వినలేదు అన్న స్వీయనింద ఆ వివరంలో దాగి ఉంది. (ఆఘాతానంతర రుగ్మతను నిర్ధారించడానికి లక్షణాలు ఒక నెలకు మించి ఉండాలన్న ఆధునిక నియమం, ఈ నెలరోజుల అశౌచం ఒకే కొలతలో పడటం కాకతాళీయం. దాని మీద సిద్ధాంతం కట్టకూడదు.)

రాజ్యం వదిలి అడవికి పోతానని ధర్మరాజు అన్నప్పటినుంచి సలహాల వరద మొదలవుతుంది. అర్జునుడు అర్థం గొప్పదనం చెబుతాడు, దండనీతి చెబుతాడు. భీముడు ఎగతాళి చేస్తాడు. నకుల సహదేవులు గృహస్థధర్మం చెబుతారు. మునులు యజ్ఞం చెబుతారు. ఇన్ని అధ్యాయాల్లో ఒక్కరూ అతణ్ణి ఏం బాధిస్తోందని అడగరు. అందరికీ అతని నిర్ణయంతోనే పని. ఆ గుంపులో ద్రౌపది మాట వేరుగా వినిపిస్తుంది. పెద్దవాడికి పిచ్చి పడితే అందరూ ఆ దారినే పోతారని, తమ్ములకు పిచ్చి లేకపోతే అతణ్ణి కట్టిపడేసి భూమిని ఏలేవారని ఆమె అంటుంది. దారి తప్పినవాడికి ధూపాలతో, అంజనాలతో, నస్యకర్మలతో, మందులతో వైద్యం చేయించాలని చెబుతుంది. అంతటి నష్టం తర్వాత కూడా బతకాలనుకుంటున్న తన గురించి తానే నిష్ఠురంగా మాట్లాడుకుంటుంది.

ద్రౌపది వాడిన ఆ వైద్యపదాలను వ్యాఖ్యాతలు తిట్టుగా తీసుకుని వదిలేశారు. ఆ పదాలు ఆమె ఊహించి అన్నవి కావు. ధూపం, అంజనం, నస్యం మూడూ ఆయుర్వేదంలో ఉన్మాద చికిత్సకు చెప్పినవే. భర్తది ధర్మసందేహం కాదు, రోగం అని మొదట గుర్తించినది ఐదుగురు కొడుకులను పోగొట్టుకున్న స్త్రీ. ఆమె రోగనిర్ణయం సరైనదే. మందు మాత్రం పనికిరాదు. చరకసంహిత కూడా ఇష్టమైనది పోవడం వల్ల మనసు దెబ్బతిన్నవాడికి ధూపాలు చాలవని చెబుతుంది. పోయినదానికి సాటి అయినదాన్ని కలిగించడం, సాంత్వన, ఆశ్వాసం అక్కడ చెప్పిన ఉపాయాలు. తెలుగు కావ్యాన్ని విభజించే మాట కూడా ఆశ్వాసమే కావడం ఇక్కడ గుర్తుకు రాకమానదు. తిక్కన శాంతిపర్వాన్ని ఆరు ఆశ్వాసాలుగా కూర్చాడు. పాఠకుడు ఊపిరి తీసుకునే చోటుకు, శోకించేవాడికి దక్కే ఊరటకు ఒకే పేరు ఉన్న భాషలో ఈ పర్వాన్ని శాస్త్రనిధిగా మాత్రమే చదవడం లోపమే.

వాదాలన్నీ అయ్యాక ఒక అధ్యాయంలో ధర్మరాజు తానే మాట్లాడతాడు. ఈ పర్వంలో అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చిన, అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అది. భీష్ముడు బాణాలతో వణుకుతూ రథం మీదనుంచి పడటాన్ని చూశానంటాడు. నమ్మి అడిగిన గురువుకు కొడుకు విషయంలో అబద్ధం చెప్పానంటాడు. వెనుదిరగని అన్నను చంపించానంటాడు. పసివాడైన అభిమన్యుణ్ణి ద్రోణుడు కాచిన వ్యూహంలోకి పంపానని, ఆనాటినుంచి అర్జునుడి ముఖంలోకి, కృష్ణుడి ముఖంలోకి చూడలేకపోతున్నానని చెబుతాడు. ద్రౌపది కొడుకుల మాట ఎత్తుతాడు. చివరికి అక్కడే కూర్చుని అన్నం నీళ్లు మాని ప్రాణం విడుస్తానంటాడు.

2009లో బ్రెట్ లిట్జ్, అతని సహచరులు సైనికుల్లో నైతికగాయం అనే భావనను విస్తరించి వివరించారు. తన నీతికి విరుద్ధమైన పని చేయడం, ఆపలేకపోవడం, చూస్తూ ఉండిపోవడం ఆ గాయానికి మూలమని వారు చెప్పారు. అంతకుముందు జొనథన్ షే అదే మాటను వేరే బరువుతో వాడాడు. బోస్టన్‌లో వియత్నాం సైనికులకు చికిత్స చేసిన ఈ మనోవైద్యుడు 1994లో వారి కథలను ఇలియడ్‌తో కలిపి చదివి, అధికారంలో ఉన్నవాడు న్యాయాన్ని వమ్ముచేయడం వల్ల కలిగే గాయాన్ని నైతికగాయం అన్నాడు. షే నమూనాలో గాయపడేది అకిలీస్, ద్రోహి అగమెమ్నాన్. ధర్మరాజు విషయంలో ఆ ఇద్దరూ ఒక్కడే. ఆజ్ఞ ఇచ్చినవాడు, ఆ ఆజ్ఞవల్ల కూలినవాడు అతడే. షే గ్రంథం రాజుల గాయాన్ని పట్టించుకోలేదు. ఆ లోటును తీర్చగల పాఠం శాంతిపర్వంలో ఉంది. భయం వల్ల కలిగిన గాయానికి భద్రత మందు. అపరాధం వల్ల కలిగిన గాయానికి భద్రత చాలదు, కొన్నిసార్లు అది మరింత సిగ్గు పుట్టిస్తుంది. హస్తిన సింహాసనం ధర్మరాజుకు కలిగించినది ఆ సిగ్గే.

ఈ ఒప్పుకోలు తర్వాతే వ్యాసుడి ధోరణి మారడం గమనించదగినది. చేసినవాడు ఎవరు, ఈశ్వరుడా, పురుషుడా, దైవమా, కర్మఫలమా అని అతడు నాలుగు పక్షాలు పెట్టి విచారిస్తాడు. ఈశ్వరుడే చేయించాడంటే, చెట్టును నరికిన పాపం గొడ్డలికి అంటదన్నట్టు ఆ పాపం ధర్మరాజుకు అంటదు. స్వీయనిందలో బిగుసుకుపోయిన ఒకే నమ్మకాన్ని పక్కకు తెచ్చి పరిశీలించడం, అన్ని కారణాలనూ ఒక్కడి నెత్తిన వేసుకున్న లెక్కను తిరిగి వేయించడం పెట్రీషియా రెసిక్ రూపొందించిన ఆలోచనా పరిశీలన చికిత్సలోనూ ప్రధానం. అయితే వ్యాసుడు అక్కడ ఆగడు. ఆ విచారం మనసుకు ఎక్కకపోతే ప్రాయశ్చిత్తం ఉందంటాడు. నీ తప్పేమీ లేదని చెప్పి పంపేయడు. తప్పు ఉందని నమ్మేవాడికి ఆ తప్పుతో చేయగలిగే పనిని చూపాడు. నైతికగాయానికి చికిత్స చేసేవారు ఆలస్యంగా గ్రహించిన విషయమిది. అపరాధం లేదని ఎంత వాదించినా, చేసినవాడు దాన్ని తన సాక్ష్యం మీద అపనమ్మకంగా వింటాడు.

పట్టాభిషేకం తర్వాత ధర్మరాజు చేసిన పనులను వ్యాసకవి క్లుప్తంగా చెబుతాడు. చనిపోయినవారికి శ్రాద్ధాలు పెట్టించాడు. కొడుకులు, భర్తలు పోయిన కౌరవస్త్రీలను పోషించాడు. స్నేహితుల పేర సభలు, చలిపందిళ్లు, చెరువులు కట్టించాడు. హెర్మన్ చెప్పిన మూడవ దశకు ఇంతకన్నా తేటైన ఉదాహరణ అక్కరలేదు. ఈ భాగం ఇంతకు మించి వివరణ కోరదు.

అంపశయ్య దగ్గర

భీష్ముడి దగ్గరకు వెళ్లడానికి ధర్మరాజు భయపడతాడు, సిగ్గుపడతాడు. ఆ సిగ్గుకు కారణం ఉంది. భీష్ముణ్ణి పడగొట్టే ఉపాయాన్ని భీష్ముడినే అడిగి తెలుసుకున్నవాడు ధర్మరాజు. ఇప్పుడు ఆ శరీరం నుంచే ధర్మం వినాలి. భీష్ముడు మొదట, యుద్ధంలో ఎదురైనవారు తండ్రులైనా తాతలైనా గురువులైనా చంపడం క్షత్రియధర్మమే అంటాడు. ధర్మరాజు దగ్గరకు వెళ్లి పాదాలు పట్టుకుంటాడు. భీష్ముడు అతని తల మూర్కొని, కూర్చోమని, భయపడకుండా అడగమని చెబుతాడు. దానికి ముందు కృష్ణుడు భీష్ముడికి బాణాల నొప్పి తెలియకుండా చేస్తాడు. నొప్పి తీరిన శరీరం, చనువిచ్చిన చేయి, అడగడానికి అనుమతి. ఆ తర్వాతే రాజధర్మం.

లిట్జ్ బృందం సైనికులకు రూపొందించిన చికిత్సలో ఒక అభ్యాసం ఉంది. తాను నమ్మే, తనను ప్రేమించే, నీతిలో తనకన్నా పెద్దవాడైన మనిషిని ఊహించుకుని అతడికి జరిగినదంతా చెప్పాలి. అతడేమంటాడో గొంతులో తెచ్చుకుని పలకాలి. కొన్నిసార్లు చనిపోయినవారితోనే ఆ మాట సాగుతుంది. ఆ మనిషి క్షమించాలన్నది అక్కడి లక్ష్యం కాదు. తనను తాను పూర్తిగా శిక్షించుకున్నవాడు తనకన్నా పెద్ద గొంతు ఒకటి ఉందని వినడమే లక్ష్యం. శాంతిపర్వం ఆ గొంతును ఊహకు వదలలేదు. బాణాల మీద పడుకోబెట్టి ఉత్తరాయణం దాకా బతికించింది. ధర్మరాజు అడిగే ప్రశ్నలు రాజ్యం గురించి, ఆపద గురించి, మోక్షం గురించి ఉంటాయి. ఆ ప్రశ్నలన్నిటి కింద అడగని ప్రశ్న ఒకటే: నన్ను చూస్తే నీకు అసహ్యం కలగడం లేదా? భీష్ముడు దానికి ఏ శ్లోకంలోనూ జవాబు చెప్పడు. రోజూ మాట్లాడుతూనే ఉండటం అతని జవాబు.

ఇలా చదివినప్పుడు శాంతి, అనుశాసనిక పర్వాల విస్తారం గురించి ఉన్న పాత ఫిర్యాదు కొత్తగా కనిపిస్తుంది. ఈ భాగం తర్వాతి కాలంలో చేర్చిన ధర్మశాస్త్ర సంకలనమని పాఠ్యచరిత్రకారులు చెప్పినదాన్ని కాదనవలసిన పని లేదు. సంకలనకర్తలు ఆ శాస్త్రాన్నంతా చేర్చడానికి ఎంచుకున్న చోటు శోకించే రాజుకూ, అతడు కూల్చిన తాతకూ నడుమ ఉందన్నది మాత్రం నిలిచే ఉంటుంది. వినడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందని అడిగే పాఠకుడు, కోలుకోవడానికి ఎంత కాలం పడుతుందని కూడా అడగాలి. తిక్కన ఈ రెండు పర్వాలను ఆరు, ఐదు ఆశ్వాసాలకు కుదించాడు. ఔచిత్యం దృష్ట్యా ఆ కుదింపును విమర్శకులు మెచ్చారు. కథాగమనానికి అది మేలు చేసిందనడంలో సందేహం లేదు. కోలుకోవడానికి పట్టే సుదీర్ఘకాలం పాఠకుడి అనుభవంలోకి వచ్చే అవకాశం అందువల్ల కొంత తగ్గిందా అన్నది పద్యస్థాయి పరిశీలన తేల్చవలసిన ప్రశ్న.

తిరగబెట్టిన శోకం

భీష్ముడు చనిపోయాడు. ధర్మరాజు తర్పణం విడిచి గంగ ఒడ్డు ఎక్కుతూ, వేటగాడు కొట్టిన ఏనుగులా కూలిపోయాడు. అశ్వమేధపర్వం ఇలా మొదలవుతుంది. ఇంత ధర్మం విన్న తర్వాత, ఇన్ని ఉపాఖ్యానాల తర్వాత, మొదటి రోజు ఎక్కడున్నాడో అక్కడికే వచ్చాడు. మళ్లీ అడవికి పోతానన్నాడు. ఈసారి ఓదార్చడానికి మొదట ముందుకు వచ్చినది ధృతరాష్ట్రుడు. ఏడవవలసినవాళ్లం నేనూ గాంధారీ కదా, నూరుగురినీ పోగొట్టుకున్నవాళ్లం అన్న ధోరణిలో అతడు మాట్లాడతాడు. వ్యాసుడు విసుక్కుంటాడు. నీ మనసు ఇంకా పరిపక్వం కాలేదు, మేమంతా ఇన్నాళ్లూ గాలికి మాట్లాడుతున్నామా అన్నట్టుగా ఉంటుంది ఆ మాట.

వైద్యుడు రోగి మీద విసుక్కునే ఈ క్షణాన్ని దాటవేయకుండా రాసినందుకు కవిని అభినందించాలి. ఏ చికిత్సలోనైనా ఈ క్షణం వస్తుంది. తన మాట పనిచేయలేదన్న అవమానాన్ని వైద్యుడు రోగి బలహీనతగా ప్రకటించే క్షణం అది. ఆత్మీయుడి మరణం పాత గాయాన్ని తిరగదోడడం అసహజం కాదు. భీష్ముడు చనిపోవడంతో ధర్మరాజు కోల్పోయినది తాతను మాత్రమే కాదు, తనతో మాట్లాడుతూ ఉండిన గొంతును. అప్పుడు కృష్ణుడు చెప్పినది మరోలా ఉంటుంది. శత్రువులు ఇంకా ఓడలేదు, శరీరంలోనే ఉన్న శత్రువును నీవు గుర్తించలేదు, ఇక యుద్ధం మనసుతో, దానికి బాణాలూ సేవకులూ బంధువులూ పనికిరారు అన్నది ఆ మాట సారాంశం. గీతలో యుద్ధం చేయమన్న కృష్ణుడే ఇక్కడ యుద్ధం అయిపోలేదంటున్నాడు. ఉపశమనం వచ్చిందని ప్రకటించడు. ఆ తర్వాతే అశ్వమేధం.

ఫ్రాయిడ్ 1914లో రాసిన ఒక చిన్న వ్యాసంలో, మనిషి గుర్తు తెచ్చుకోలేనిదాన్ని చేతల్లో మళ్లీ మళ్లీ చేస్తాడని, దాన్ని ఓపికగా మథించడానికి కాలం కావాలని చెప్పాడు. అశ్వమేధం గుర్రం వెంట అర్జునుడు మళ్లీ యుద్ధాలు చేశాడు. బభ్రువాహనుడి చేతిలో పడ్డాడు. తండ్రిని కొడుకు కూల్చిన ఆ ఘట్టాన్ని యుద్ధపు పునరావృత్తిగా చదివే అవకాశం ఉంది. అందులోనూ బతికించే ముగింపు ఉండటం గమనార్హం. ఈ పోలికను ఇంతకు మించి సాగదీయడం పాఠాన్ని సిద్ధాంతానికి తగ్గట్టు మలచడం అవుతుంది.

భీముడి గురించి ఒక మాట చెప్పాలి. ఈ పర్వాల్లో ఎక్కడా అతడు తన శోకం చెప్పుకోడు. స్త్రీపర్వంలో గాంధారి నిలదీసినప్పుడు దుశ్శాసనుడి నెత్తురు తన పెదవులు దాటి లోపలికి పోలేదని సమర్థించుకున్నాడు. తర్వాత 15 ఏళ్లు ధృతరాష్ట్రుడు ధర్మరాజు పోషణలో గౌరవంగానే బతికాడు. భీముడు మాత్రం అతడికి వినపడేలా భుజాలు చరిచి, ఈ చేతులతోనే నీ కొడుకులను చంపానన్నట్టు మాట్లాడేవాడు. ముసలివాడు అడవికి పోవడానికి కారణాల్లో అదొకటి. అందరూ కోలుకోమని బతిమాలిన ధర్మరాజు తూలుతూ, పడుతూ నడిచాడు. ఎవరూ చికిత్స అక్కరలేదనుకున్న భీముడు 15 ఏళ్ల తర్వాత కూడా యుద్ధభూమిలోనే ఉన్నాడు.

గంగలో ఒక రాత్రి

ఆశ్రమవాసపర్వంలో వ్యాసుడు అడవిలో ఉన్నవారిని ఏం కోరుకుంటున్నారో చెప్పమంటాడు. శాంతిపర్వం తొలి అధ్యాయాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పుడు కుంతి తన కథ చెబుతుంది. దుర్వాసుడి వరం, సూర్యుడి రాక, భయం, నీటిలో వదిలిన బిడ్డ, తెలిసి కూడా ఊరుకుండిపోయిన తన మౌనం. తర్పణాల వేళ ఆమె చెప్పినది సమాచారం మాత్రమే. దానికి కొడుకు ఇచ్చిన జవాబు, స్త్రీల మనసులో రహస్యం నిలవకూడదన్న శాపం. ఇప్పుడు చెప్పినది కథ. పాపమో కాదో తెలియదు, అంతా మీ ముందు పెట్టానని ఆమె ముగిస్తుంది. నీ దోషం లేదని వ్యాసుడు అంటాడు. మూడు తరాల కథలో ఆమెతో ఆ మాట అన్న మొదటి పెద్దమనిషి అతడే. పరామర్శ అనే మాటకు తెలుగులో చావు ఇంటికి వెళ్లి పలకరించడమనీ, విచారించి పరిశీలించడమనీ రెండు అర్థాలు. విమర్శ అన్న మాటకూ మూలం అదే ధాతువు. ఆ రెండు పనులూ ఒక్క మాటలో జరిగిన ఘట్టం ఇది.

ఆ రాత్రి గంగలోంచి చనిపోయినవారంతా లేచి వచ్చారు. పగలు లేవు. కర్ణుడు తమ్ములతో కలిశాడు. ద్రౌపది కొడుకులను, గాంధారి నూరుగురిని చూశారు. చనిపోయినవారితో మాటను చికిత్సగా చూసేవారికి ఇక్కడ ఆగిపోవాలనిపిస్తుంది. పాఠం ఆగనివ్వదు. తెల్లవారాక, భర్తల లోకాలకు వెళ్లదలచినవారు గంగలో మునగవచ్చని వ్యాసుడు ఆ విధవలకు చెబుతాడు. వారు మునిగిపోతారు. కుంతికి ఊరట ఇచ్చిన నోరే వీరికి నీటిదారి చూపింది. వారి మాట వినడానికి ఎవరూ అడగలేదు. వారిలో ఒక్కరి పేరు కూడా కవి అక్కడ చెప్పడు. స్త్రీపర్వంలో గాంధారి శరీరాల మీద వాలిన స్త్రీలను ఒక్కొక్కరినీ కృష్ణుడికి చూపిన విధానాన్ని ఈ పేరులేనితనం పక్కన పెట్టి చదవాలి. శాంతిపర్వం గురించి ఈ వ్యాసం చెప్పిన మంచిమాటలన్నీ ఆ గట్టున సగంలో ఆగుతాయి.

ధర్మరాజుకు కూడా ఆ రాత్రి చివరి ఊరట కాలేదు. స్వర్గారోహణపర్వంలో అతడు స్వర్గంలో అడుగుపెట్టగానే కనిపించినవాడు దుర్యోధనుడు, ఆసనం మీద వెలుగుతూ. ధర్మరాజు ముఖం తిప్పుకుని, అతడు ఉన్నచోట ఉండనన్నాడు. తమ్ముళ్లు ఎక్కడని అడిగాడు. ఆకాశగంగలో మునిగి మనిషి శరీరం విడిచాక గానీ ఆ వైరం అతణ్ణి వదలలేదు.